పండుగ చేసే పని



వేసవి చివర, మృగశిర కార్తె ఇంకా రాకముందు, భద్రాచలం నుంచి చర్ల వైపో, దుమ్ముగూడెం వైపో, ఎటపాక మీదుగా చింతూరు వైపో బస్సులో వెళ్లేవాళ్లకు దారిలో ఒక ఆటంకం ఎదురవుతుంది. రోడ్డుకు అడ్డంగా తాడో వెదురు గడో పట్టుకుని కోయ ఆడవాళ్లు వరసగా నిలబడి ఉంటారు. బస్సు ఆగుతుంది, పాట మొదలవుతుంది. డ్రైవరు పదో ఇరవయ్యో చేతిలో పెడతాడు, ప్రయాణికులు కూడా తోచింది ఇస్తారు, తాడు పక్కకు తప్పుకుంటుంది. దూరం నుంచి వచ్చినవాళ్లు ఇదేదో చందా అనుకుంటారు. ఆలస్యమైందని విసుక్కునేవాళ్లూ ఉంటారు. అదే సమయంలో ఆ ఊరి మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవిలో తిరుగుతూ ఉంటారు. ఊళ్లో జరుగుతున్నది భూమి పండుగ. కోయలు విజ్జ పండుం అంటారు, అంటే విత్తనాల పండుగ.

రోడ్డు మీద కనిపించేది ఆ పండుగలో అంచు మాత్రమే. అసలు సంగతి ఊరి దేవత గద్దె దగ్గర ఉంటుంది. ప్రతి ఇంటి నుంచీ కొన్ని గింజలు అక్కడికి చేరతాయి. జొన్న, సామ, కొర్ర, కంది, అనుములు, వరి, ఎవరి ఇంట్లో ఏది ఉంటే అది. పూజారి వాటన్నిటినీ ఒకచోట కలుపుతాడు. కోడిని కోసి నెత్తురు చిలకరిస్తాడు. ఆ తర్వాత కలిసిపోయిన ఆ గింజల్నే తలా ఇంత తిరిగి పంచుతాడు. ఇంటికి తీసుకెళ్లి తమ విత్తనంలో కలుపుకున్నాకే ఎవరైనా చేను విత్తేది. పండుగ కాకముందు గింజ నేలలో వేయడం తప్పు.

ఈ పద్ధతిని వ్యవసాయం తెలిసిన మనిషి ఎవరైనా కాస్త నిదానంగా చూస్తే, ఇందులో ఎన్ని పనులు జరుగుతున్నాయో తెలుస్తుంది. కిందటేడు పంట పోయిన ఇల్లు, పురుగు పట్టి విత్తనం పాడైన ఇల్లు, మగదిక్కు లేని ఇల్లు, ఏదీ వట్టి చేతులతో వెనక్కి పోదు. అడగాల్సిన అవసరం కూడా రాదు, ఎందుకంటే ఇచ్చేది పొరుగువాడు కాదు, ఊరి దేవత. ఏ చేనులో ఏ రకం బాగా నిలిచిందో ఆ గింజ ఏటా ఊరంతా తిరుగుతుంది. ఇక అందరూ ఒకేసారి విత్తడం సంగతి. అడవి అంచున ఒక్కడి చేను ముందుగా కంకి వేస్తే చిలకలూ, అడవి పందులూ మొత్తం దాని మీదే పడతాయి. అందరి చేలూ కలిసి పండితే నష్టం అందరికీ కొంచెం కొంచెంగా సర్దుకుంటుంది, రాత్రి కావలి కూడా వంతులవారీగా సాగుతుంది. వేసవిలో విచ్చలవిడిగా తిరిగే పశువుల్ని కట్టేయాల్సిన రోజు ఏదో కూడా ఈ పండుగే చెబుతుంది. ఏ నోటీసూ అంటించకుండా, ఏ జరిమానా పుస్తకమూ లేకుండా ఊరంతా ఒక తేదీకి కట్టుబడుతుంది.

వేట నుంచి మగవాళ్లు ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేసే ఆనవాయితీ చాలా ఊళ్లలో ఉంది. ఏదైనా దొరికితే మాంసం ఇంటికో వాటా. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది, అందుచేత చాలాచోట్ల ఇప్పుడది నామమాత్రంగా మిగిలింది. అయినా మగవాళ్లు కలిసి అడవికి వెళ్లడం, ఆడవాళ్లు దారి కాయడం, వచ్చిన డబ్బుతో ఊరంతా కలిసి వండుకోవడం ఆగలేదు. వానలు పడ్డాక ఎవరి చేను వారిది, ఎవరి నడుం నొప్పి వారిది. అంతటి కష్టకాలానికి ముందు ఊరు ఒక్కసారి ఒక్కటిగా నవ్వుకోవడం కూడా అవసరమే.

సంస్కృతి అనేది మనుషుల అవసరాలు తీర్చడానికే పుట్టిందని గట్టిగా వాదించినవాడు బ్రోనిస్లా మలినోవ్‌స్కీ. పోలండ్‌లో పుట్టి, లండన్‌లో పాఠాలు చెప్పిన మానవశాస్త్రవేత్త. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1915 నుంచి 1918 మధ్య, పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో చాలాకాలం ఉండి అక్కడి జనం జీవితాన్ని దగ్గర నుంచి చూశాడు. ఆయన గమనించిన ఒక విషయం మన అడవికి కూడా సరిపోతుంది. దీవి లోపలి నిలకడ నీటిలో చేపలు పట్టేటప్పుడు అక్కడివాళ్లు ఏ మంత్రమూ చదవరు, ఏ తంతూ చేయరు. అక్కడ ప్రమాదం లేదు, చేప ఖాయం. అదే జనం పెద్ద సముద్రంలోకి పడవ దించే ముందు మాత్రం తంతు తప్పకుండా చేస్తారు. ఎక్కడ మనిషి చేతిలో లేనిది ఎక్కువో అక్కడ ఆచారం చిక్కబడుతుంది. వాన మీద బతికే పోడు చేనుకు విత్తనాల పండుగ ఎందుకు అంత పెద్దదో దీన్నిబట్టి అర్థమవుతుంది. మలినోవ్‌స్కీ 1942లో చనిపోయాక, 1944లో వెలువడిన పుస్తకంలో ఈ సిద్ధాంతం పూర్తి రూపంలో ఉంది. తిండి, సంతానం, రక్షణ, ఆరోగ్యం వంటి శరీర అవసరాల మీద మనుషులు కట్టుకున్న ఏర్పాటే సంస్కృతి అని ఆయన మాట.

ఆ ఆలోచనకూ గోదావరి ఒడ్డుకూ మధ్య ఒక మనిషి ఉన్నాడు. వియన్నాలో 1909లో పుట్టిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ లండన్‌లో మలినోవ్‌స్కీ దగ్గర కొంతకాలం గడిపాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో ఉన్నాడు, జేబులో జర్మన్ పాస్‌పోర్టు ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దంది. శత్రుదేశస్థుడిగా గడపాల్సిన ఆ రోజుల్ని ఆయన, భార్య బెట్టీ, నల్లమలలో చెంచుల మధ్య, పాపికొండల్లో కొండరెడ్ల మధ్య, ఆదిలాబాదులో రాజగోండుల మధ్య గడిపారు. కొండరెడ్ల మీద ఆయన రాసిన పుస్తకం 1945లో వచ్చింది. పోడు ఎలా కొడతారు, ఏ పంటకు ఏ పూజ, జీలుగు చెట్టు ఎవరిది అన్నవి రాసి ఊరుకోలేదు. వెదురు కంట్రాక్టర్ల కింద, షావుకార్ల అప్పుల కింద కొండరెడ్లు ఎలా నలిగిపోతున్నారో కూడా రాశాడు. సంస్కృతి అందంగా ఉందని మెచ్చుకుని వెళ్లిపోలేదు. ఆ బతుకును ఏది విరుస్తోందో చూసి సంస్థానానికి చెప్పాడు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వంలో గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేశాడు.

విత్తడానికి ఒక పండుగ ఉన్నట్టే తినడానికీ పండుగలున్నాయి. వాటిని కొత్తలు అంటారు. మామిడి కొత్త, చిక్కుడు కొత్త, వానాకాలంలో పచ్చ పండుగ, సామ, కొర్ర చేతికొచ్చాక మరొకటి. మొదటి కాయ, మొదటి గింజ దేవతకు, పితరులకు పెట్టనిదే నోట్లో వేసుకోకూడదు. పిల్లలు చెట్టు కింద నిలబడి నోరూరుతున్నా సరే, మామిడి కొత్త కాకుండా కాయ తెంపరు.

మామిడి విషయమే తీసుకుందాం. అడవిలో మామిడి అందరిది. ముందు చూసినవాడు ముందు దులుపుకుంటే పిందె దశలోనే చెట్టు ఖాళీ అవుతుంది. మైదానంలో ఉన్నవాళ్లకు మామిడి అంటే పండు, పచ్చడి. అడవిలో మామిడికి ఇంకో విలువ ఉంది. కాయ ముదిరితే టెంక లోపల జీడి గట్టిపడుతుంది. ఆ జీడిని ఎండబెట్టి, నానబెట్టి వగరు పోగొట్టి, పిండి చేసి వానాకాలంలో అంబలి కాచుకుంటారు. ఆషాఢ శ్రావణాల్లో, పాత గింజ అయిపోయి కొత్త పంట ఇంకా రాని ఆకలి నెలల్లో, ఎన్నో ఇళ్లను ఆ టెంకల అంబలే నిలబెట్టింది. పిందె తెంపితే జీడి ఉండదు. జీడి లేకపోతే శ్రావణంలో పొయ్యి వెలగదు. మామిడి కొత్త దాకా ఆగమని పూజారి చెప్పే మాటకు వెనక ఇంత ఆకలి అనుభవం ఉంది. చిక్కుడుకూ అంతే, ముదరనిస్తేనే మరుసటేడు విత్తనం.

ఇప్పచెట్టు గురించి చెప్పకుండా ఈ నేల గురించి చెప్పినట్టు కాదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే ఇప్పపూలు రాలతాయి. ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో చెట్ల కిందికి చేరతారు. ఏ చెట్టు ఏ ఇంటిదో తెలిసే ఉంటుంది, దాని కోసం కాగితాలు ఎవరి దగ్గరా ఉండవు. ఎండిన పువ్వు తిండి, సారా, అమ్ముకుంటే ఉప్పూ పప్పూ. గింజ నుంచి నూనె. ఆ తర్వాత తునికాకు. పాలమ్మిన డబ్బులాగా చేతిలో ఆడే రొక్కం అదే, వేసవి పెళ్లిళ్ల ఖర్చుకు ఆధారమూ అదే. అడవి సరుకు కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టినప్పటి నుంచి చింతపండు, తేనె, బంక, కుంకుళ్లు, ఇప్పపువ్వు, ఇప్పపలుకు కొంత న్యాయమైన ధరకు పోయే దారి ఏర్పడింది. అయితే సంస్థ సరుకునే కొంటుంది. ఆ సరుకు ఏటా చెట్టు మీద మిగిలేలా చూసిన కట్టుబాటుకు ఏ తూకంలోనూ లెక్క లేదు.

ఇక మనుషుల సంగతి. కోయల్లో గట్లు ఉంటాయి. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఆరో గట్టు, ఏడో గట్టు అని చెప్పుకుంటారు. ప్రతి గట్టులో కొన్ని ఇంటిపేర్లు, వాటికో ఇలవేల్పు. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ములు, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. ముక్కూ మొహం తెలియని ఊరికి వెళ్లిన కోయ మనిషి తన ఇంటిపేరు, గట్టు చెబితే చాలు, ఎవరు తనకు అన్న, ఎవరు బావ, ఎవరింట్లో అన్నం తినాలి అన్నీ తేలిపోతాయి. రహదార్లూ, సత్రాలూ, బ్యాంకులూ లేని అడవిలో మనిషికి పనికొచ్చిన పెద్ద భరోసా ఇదే.

పెళ్లిలో ఆడపిల్ల తల్లిదండ్రులకు మగపెళ్లివాళ్లే ఓలి ఇస్తారు. పిల్లను పెంచిన కష్టానికీ, ఆ ఇంటి నుంచి పోతున్న పనిచేతికీ అది ఒక గుర్తింపు. ఈమధ్య మైదానపు ఊళ్లను చూసి కొన్ని కోయ కుటుంబాల్లోనూ కట్నం అడుగుతున్నారు. సంస్కృతి పోతోందని వేదికల మీద బాధపడేవాళ్లు నృత్యం గురించీ వేషం గురించీ ఎక్కువ మాట్లాడతారు. ఓలి పోయి కట్నం రావడం అంతకంటే పెద్ద నష్టం, ఎందుకంటే అది ఇంట్లో ఆడపిల్ల విలువనే తలకిందులు చేస్తుంది.

చావు వచ్చినప్పుడు చుట్టాలు బియ్యమో, కోడో, మేకో, గుడ్డో తీసుకుని వస్తారు. ఎవరేం తెచ్చారో పెద్దలు గుర్తు పెట్టుకుంటారు, వాళ్లింట్లో కష్టం వచ్చినప్పుడు అది తిరిగి వెళుతుంది. చనిపోయినవాళ్ల పేర రాయి పాతడం పాత ఆచారం. తగవులు వస్తే పెద్ద, పూజారి, కబురు తిప్పే వేపారి కూర్చుని తేలుస్తారు. దుమ్ముగూడెంలో ఉండి పనిచేసిన జాన్ కెయిన్ అనే మిషనరీ 1870ల్లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల గురించి ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో రాశాడు. మతం మార్చడానికి వచ్చినవాడైనా ఆయన రాసిపెట్టిన వివరాలు నేటికీ పనికొస్తున్నాయి.

చావు సందర్భంలో వినిపించే మరో గొంతు ఉంది, డోలి వాళ్లది. డోలు వాయిస్తూ, కంచుతాళం మోగిస్తూ, పోయిన మనిషి ఏ గట్టువాడో, ఆ గట్టు మూలపురుషులు ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచారో, ఏ యుద్ధంలో ఎవరు ఒరిగారో కథగా చెబుతారు. ఇలవేల్పుల జాతరలోనూ వాళ్లే. వాళ్లు చెప్పేదానికి ఆధారం పడిగె. మూడుకోణాల గుడ్డ మీద బొమ్మలు కుట్టిన జెండా అది. ఏడాదిలో ఎక్కువ కాలం చుట్టి భద్రపరచి, కొలుపు రోజున విప్పుతారు. బొమ్మ తర్వాత బొమ్మ చూపిస్తూ డోలి కథ నడుపుతాడు. రాత లేని జాతికి చరిత్ర లేదని ఎవరైనా అంటే, వాళ్లను ఆ రాత్రి అక్కడ కూర్చోబెట్టాలి. భూమి తగాదాకూ, పెళ్లి సంబంధానికీ, గద్దె హక్కుకూ పనికొచ్చే దస్తావేజు ఆ కథలోనే ఉంటుంది.

మణుగూరు మండలం కూనవరం గ్రామానికి చెందిన సకిని రామచంద్రయ్య అటువంటి గొంతు. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల కథలను అటు కోయలోనూ ఇటు తెలుగులోనూ పాడగలిగినవాడు. 2022లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. కోయ ఊళ్లకు ఆ రోజు నిజంగా పండుగే. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన తలలో ఉన్న కథల్లో కొన్నిటిని జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు రాయించి పెట్టారు, అదొక ఊరట. కానీ పుస్తకంలోకి ఎక్కిన కథ చావింటికి నడిచి వెళ్లలేదు. అక్కడికి మనిషి వెళ్లాలి, ఆ మనిషికి ఏ ఇంటివాళ్లు ఎవరో తెలిసి ఉండాలి, తెల్లవార్లూ నిలబడి పాడే ఊపిరి ఉండాలి. కూలి మానుకుని ఆ విద్య నేర్చుకునే కుర్రాడికి కడుపు నిండే దారి కనిపించాలి.

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి ములుగు అడవిలో జరిగే మేడారం జాతర ఈ జ్ఞాపకానికి పెద్ద రూపం. చిలకలగుట్ట మీది నుంచి సమ్మక్కను కుంకుమభరిణె రూపంలో కోయ పూజారులే దించుతారు. కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. వేర్వేరు ఊళ్లు, వేర్వేరు గట్లు తమ తమ బాధ్యత మోసుకొచ్చి ఒకచోట కలవడమే ఆ జాతరకు ప్రాణం. 1996లో అది రాష్ట్ర పండుగైంది. లక్షల మంది వచ్చినా, గద్దె మీదికి తల్లిని చేర్చే పని నేటికీ ఆ కోయ కుటుంబాలదే.

భద్రాచలం రాముడికి కూడా అడవితో సంబంధం ఉంది. స్వామి విగ్రహాలను మొదట కనుగొని తాటాకు పందిరి వేసి కొలిచింది పోకల దమ్మక్క అనే అడవి బిడ్డ అని స్థల కథ. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న, అంటే రామదాసు, గుడి కట్టింది ఆ తర్వాతే. శ్రీరామనవమికి రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చేవాళ్లకు రామదాసు గురించి చెప్పాల్సిన పని లేదు. దమ్మక్క పేరు మాత్రం ఏజెన్సీ ఊళ్లవాళ్లు మరింత ప్రేమగా తలుచుకుంటారు. గుడి తమది కూడా అని చెప్పుకునే హక్కు వాళ్లకు ఆ కథే ఇస్తోంది.

ఈ నేల మీద సరిహద్దులు మారినన్ని సార్లు మరెక్కడా మారి ఉండవేమో. గోదావరికి అటు పాల్వంచ నిజాం ఏలుబడిలో ఉంటే, ఇటు భద్రాచలం 1860లో బ్రిటిష్ చేతికి పోయింది. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది, 1874లో మద్రాసు వైపు గోదావరి జిల్లాలో చేరింది. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో తెలంగాణ ఏర్పడుతూనే పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం ఇటే ఉంది, పట్టణాన్ని ఆనుకున్న ఎటపాక అటు పోయింది. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. ఒక కోయ ముసలమ్మ ఇల్లు కదలకుండానే ఇన్ని చిరునామాలు మారాయి. ఆమె మనవరాలి పెళ్లి మాత్రం ఏ గట్టుకు కుదరాలో ఆ గట్టుకే కుదురుతుంది, పిల్లవాడి ఊరు ఆంధ్రలో ఉన్నా, తెలంగాణలో ఉన్నా, ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో ఉన్నా.

ఆ చుట్టరికం ఎంత బరువు మోయగలదో 2005 తర్వాత తెలిసింది. బస్తర్‌లో సల్వాజుడుం అనే సాయుధ పౌర దళాల పేరిట ఊళ్లు తగలబడుతున్నప్పుడు వేల కుటుంబాలు అడవి దారుల్లో ఇటు వచ్చాయి. ఇక్కడివాళ్లు వాళ్లను గుత్తికోయలంటారు. 2011 జూలైలో సుప్రీంకోర్టు సల్వాజుడుం తరహాలో సాయుధ పౌరులను నియమించడం చెల్లదని తీర్పు ఇచ్చింది, కానీ వచ్చినవాళ్లలో చాలామంది వెనక్కి వెళ్లలేదు. ఇక్కడ వాళ్లకు ఎస్టీ గుర్తింపు లేదు, పట్టా లేదు, చాలా ఆవాసాలకు దారీ కరెంటూ లేవు. వాళ్లకున్నది భాష, ఇంటిపేరు, దేవుడు, మిర్చి చేలల్లో కూలి పని. భాష దగ్గరిది కావడం వల్ల ఏ ఊరి పొలిమేరలో నిలబడి ఎవర్ని పిలవాలో తెలిసింది.

అయితే సంస్కృతి అన్నిటికీ చాలదు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఒక అటవీ రేంజ్ అధికారి హత్యకు గురయ్యారు. ఆయన కుటుంబానికి జరిగింది తీరని అన్యాయం. ఆ తర్వాత ఆ నేరంతో సంబంధం లేని గుత్తికోయ కుటుంబాలు కూడా భయంతో బతకాల్సి వచ్చింది. భూమి హక్కు తేల్చాల్సింది చట్టం. 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నది అందుకే. ఆ పని చట్టం చేయకపోతే ఊరి పెద్దలూ, పూజారీ చేయలేరు. ఆరోగ్యం విషయంలోనూ అంతే, చేతబడి అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపిన సంఘటనలు ఏజెన్సీలో జరిగాయి. జ్వరం మలేరియా అయినప్పుడు రక్తపరీక్ష చేసే మనిషి ఊళ్లో ఉండాలి. ఆ మనిషి లేనిచోట భయం తప్పు దారి పడుతుంది. పాతదంతా మంచిదని వాదించడం ఈ ప్రసంగం ఉద్దేశం కాదు. కానీ అదే ఊరి కట్టుబాటు 2020లో కరోనా వచ్చినప్పుడు ఏం చేసిందో కూడా గుర్తుంచుకోవాలి. పట్నాల్లో జనం ఇంకా సర్దుకోకముందే ఎన్నో అడవి పల్లెలు పొలిమేరలో దుంగలు అడ్డం వేసి రాకపోకలు ఆపుకున్నాయి. అమ్మవారు సోకినప్పుడు ఊరి సరిహద్దు మూసుకోవడం తాతల నాటి నుంచి తెలిసిన పని.

పోలవరం ముంపు కింద కుక్కునూరు, వేలేరుపాడు మండలాల నుంచి నిర్వాసిత కాలనీలకు వెళ్లిన కుటుంబాల దగ్గర, సంస్కృతి ఊరికి ఏం చేసిపెడుతుంది అన్న ప్రశ్న అన్నిటికంటే పదునుగా ఉంది. గోదావరి వరద వాళ్లకు కొత్త కాదు. భద్రాచలం దగ్గర 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిన నది అది. వరద తీశాక బురద కడుక్కుని మళ్లీ ఆ ఇంట్లోనే పొయ్యి పెట్టుకున్నారు. ఈసారి పోవడం వేరు. కాలనీలో ఇల్లు సిమెంటుది, రోడ్డు ఉంది, నల్లా ఉంది. అవి అవసరమే. కానీ మామిడి కొత్త చేయడానికి ఉమ్మడి చెట్టు లేదు. ఇప్పపూలు ఏరుకునే చోటు లేదు. ఊరి దేవత గద్దెను ఎక్కడ పెట్టాలో, పితరుల రాళ్లు నీళ్లలో ఉంటే మొదటి గింజ ఎవరికి పెట్టాలో పూజారికి ప్రశ్నే. పరిహారం పట్టికలో ఇంటికి రేటు ఉంది, ఎకరానికి రేటు ఉంది, చెట్టుకు కూడా ఉంది. ఇంటింటి గింజలు కలిపి పంచుకునే రోజుకు ఏ గడీ లేదు. అయినా ఆ పండుగ ఊరికి ఏం చేసిపెట్టేదో ఎవరైనా ముందే అడిగి ఉంటే, కాలనీ పక్కన పదెకరాల ఉమ్మడి తోట, ఒక గద్దె స్థలం కేటాయించడం అసాధ్యమేమీ కాదు.

ఇక్కడే ప్రభుత్వానికీ, మనకూ ఒక మాట. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో 2011 జనగణన లెక్కన మూడింట ఒక వంతుకు పైగా గిరిజనులే. కొమ్ముకోయ బృందాలు దున్న కొమ్ములు, నెమలి ఈకలు తలకు కట్టుకుని మంత్రుల రాకకూ, జెండా పండుగకూ డోలు కొడుతున్నాయి. భద్రాచలం ఐటీడీఏ ఆవరణలో మ్యూజియం ఉంది. ఇవి వద్దనక్కర్లేదు, కళాకారుడికి నాలుగు రూపాయలు వస్తే సంతోషమే. ఆ నృత్యం పెళ్లి పందిట్లోనూ, కొలుపులోనూ బతికి ఉంటేనే వేదిక మీద కూడా నిలుస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయతో సహా 8 గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టారు. కోయ పిల్లవాడు బడికి వచ్చిన మొదటి రోజు టీచరు మాట అర్థమై నవ్వాడంటే, భాష తన పని తాను చేసినట్టే. అటువంటి ప్రయత్నాలు టీచర్ల బదిలీలతో, పుస్తకాల జాప్యంతో సన్నగిల్లకూడదు.

చేయగలిగినవి చిన్నవీ ఉన్నాయి. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభకు తన ఆచారాలను, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం ఉంది. విత్తనాల పండుగ రోజున పూజారి చేతికొచ్చే రకాలు ఏవి, ఏ సామ, ఏ కొర్ర ఇంకా మిగిలి ఉన్నాయి అన్నది ఊరి పుస్తకంలో ఏటా రాసుకోవచ్చు. వ్యవసాయ అధికారి సబ్సిడీ విత్తనం సంచి తెచ్చేటప్పుడు ఆ పండుగకు ఒక వారం ముందు తెస్తే, గద్దె దగ్గరే దానికీ చోటు దొరుకుతుంది. డోలి దగ్గర విద్య నేర్చుకునే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లకు నెలకింత భత్యం ఇవ్వడానికి పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు. కొత్తలు, కొలుపులు ఊరూరికీ వేర్వేరు తేదీల్లో వస్తాయి కాబట్టి, ఏజెన్సీ బడులకు ఏడాదిలో కొన్ని సెలవుల్ని గ్రామసభే నిర్ణయించుకునే వీలు ఉండాలి. ఆ రోజున పిల్లలు హాస్టల్లో కాకుండా ఊళ్లో, పూజారి పక్కన, గింజలు కలిపే చోట ఉంటారు.